తలాంతు, ర్యాంకు



మన సంఘములలో ఒక బిడ్డ బాగా పాడితే "దేవుడిచ్చిన తలాంతు" అంటాము. లెక్కలు బాగా చేస్తే అదే మాట, క్రిస్మసు నాటకములో యోసేపు వేషము బాగా వేసినా అదే మాట. మరి ఒక బిడ్డ టెన్నిసు బాగా ఆడితే అదియు తలాంతేనా? తలాంతే అయితే అది ఎవరిది? బిడ్డదా, డబ్బు పెట్టిన తండ్రిదా, ప్రార్థన చేసిన సంఘముదా? ఒక్క బిడ్డ తలాంతు కొరకు ఇంటిల్లిపాది ఎంతవరకు త్యాగము చేయవచ్చును?

ఊరక అడుగుట లేదు. మన ప్రాంతపు సంఘములలో ఒక కుటుంబమున్నది; పేరు వ్రాయను. తండ్రి గుడియాత్తంలో లుంగీల వ్యాపారములో గుమాస్తా. తల్లి వేలూరులో ఉద్యోగము చేస్తున్నది. కుమారునికి పదిహేనేండ్లు, టెన్నిసులో మంచి చెయ్యి. తెల్లవారకముందే రైలెక్కి కాట్పాడి మీదుగా చెన్నై వెళ్లి ఆడి, రాత్రికి తిరిగి వచ్చిన రోజులెన్నో. అతని అక్క డిగ్రీ ముగించి బి.ఎడ్.లో చేరవలెనని ఉన్నది. ఇప్పుడు తండ్రి ఇంటి స్థలమును తాకట్టు పెట్టి కుమారుని విదేశీ పోటీలకు పంపవలెనని తలచి, ప్రార్థన కొరకు, వీలైతే సహాయము కొరకు సంఘ పెద్దల యొద్దకు వచ్చారు. ఒక పెద్ద "ఆదివారము ఆరాధన మాని ఆడేవానికి మనమెందుకు ప్రార్థించాలి?" అన్నారు. ఇంకొకరు "వాడు టీవీలో కనబడితే మన సంఘమునకు ఎంత పేరు!" అన్నారు. ఇద్దరూ దైవభక్తి గలవారే. అయితే ఇద్దరూ మాట్లాడినది సంఘమును గూర్చియే గాని ఆ పిల్లవానిని గూర్చి కాదని నాకు తోచినది.

మొదట ఈ ఆటలో పైకి రావడమంటే ఏమిటో తెలిసికొందాము. మనలో చాలమందికి వింబుల్డన్ తెలుసు. దాని క్రింది మెట్లు తెలియవు. అన్నిటికంటె క్రింది మెట్టున, ఒక పోటీకంతటికి కలిపి బహుమతి సొమ్ము 15,000 డాలర్లు. దానిని సింగిల్స్ ఆడే ముప్పదిరెండు మంది, డబుల్స్ ఆడేవారు పంచుకొంటారు. మొదటి ఆటలోనే ఓడినవాని చేతికి వచ్చేది సుమారు 150 డాలర్లు. విమానము, బస, భోజనము, రాకెట్లకు తీగలు అన్నియు సొంత ఖర్చే. దాని పైమెట్టు ఛాలెంజర్ పోటీలు. వాటికి పైన మనము టీవీలో చూచేవి. గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. అందులో ర్యాంకును బట్టి నేరుగా చోటు దొరికేది సుమారు 104 మందికే. మరో 128 మంది అర్హత పోటీలాడి, వరుసగా మూడు ఆటలు గెలిచినవారు పదహారు మంది లోపలికి వస్తారు. మిగిలిన ఎనిమిది చోట్లు నిర్వాహకులు తమ ఇష్టప్రకారము ఇచ్చేవి.

ఇందులో మరొక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసినది. ర్యాంకునకు ఆధారమైన పాయింట్లు యాబైరెండు వారములే నిలుస్తాయి. పోయిన సంవత్సరము ఒక వారములో సంపాదించినవి ఈ సంవత్సరము ఆ వారము రాగానే లెక్కలోనుండి తీసివేయబడతాయి. తిరిగి అంత సంపాదిస్తే ఉన్నచోట ఉంటాడు, లేకుంటే దిగిపోతాడు. జ్వరము వచ్చినా, కాలు బెణికినా క్యాలెండరు ఆగదు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. పదవ తరగతి ప్యాసైన వానిని సంవత్సరము తిరుగగానే పిలిచి "మరల పరీక్ష వ్రాయుము, లేకుంటే సర్టిఫికెటు తిరిగి ఇమ్ము" అనే పాఠశాలను నేనెక్కడా చూడలేదు. టెన్నిసు అటువంటి పాఠశాల.

మన తెలుగువారిలో సాకేత్ మైనేనిని చూడండి. 1987లో కృష్ణా జిల్లా ఉయ్యూరులో జన్మించాడు. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయములో చదువుతూ కళాశాల జట్టుకు ఆడాడు. ఇది తలిదండ్రులు గమనించవలసిన సంగతి, ఎందుకనగా ఆట కొరకు చదువు మానలేదు. 2014లో ఇంచియోన్ ఏషియన్ క్రీడలలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకము, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్‌లో వెండి పతకము గెలిచాడు. 2016లో యు.ఎస్. ఓపెన్ అర్హత పోటీలో మూడు ఆటలూ గెలిచి లోపల కాలుపెట్టాడు. మొదటి రౌండులో చెక్ దేశస్థుడైన యిరి వెసెలీతో ఐదు సెట్లు ఆడాడు. ఒక దశలో గెలుపునకు ఒకే ఒక్క పాయింటు కావలసి ఉన్నది. అది దొరకలేదు. కండరములు పట్టివేయగా ఆ ఆట ఓడిపోయాడు.

ఆ సంవత్సరములో అతని సింగిల్స్ ర్యాంకు 137 వరకు చేరినది. ప్రపంచమంతటిలో 137వ వాడు! మన జిల్లాలో తమిళమో లెక్కలో బోధించేవారిలో 137వ వానిని వెదకినా గొప్ప ఉపాధ్యాయుడే దొరుకుతాడు. అయినను మన సంఘములలో ఎంతమంది ఆయన పేరు విన్నారు? తరువాత గాయములు ఆయనను వెనుకకు లాగినవి. సింగిల్స్‌లో ఆ ర్యాంకు మరల రాలేదు. డబుల్స్‌కు మళ్లాడు. 2022లో యూకీ భాంబ్రితో కలిసి పలు ఛాలెంజర్ టైటిళ్లు గెలిచాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ క్రీడలలో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి మరల వెండి పతకము తెచ్చినప్పుడు ఆయనకు ముప్పదియైదేండ్లు. పేరుప్రఖ్యాతులలో ఎంతో పైనున్న సానియా మీర్జా త్రోవ కూడా ఇట్టిదే. 2007లో సింగిల్స్‌లో 27వ స్థానము, తరువాత మణికట్టు గాయము, శస్త్రచికిత్స. డబుల్స్‌కు మళ్లి 2015లో అందులో ప్రపంచములో మొదటి స్థానము.

ఈ జీవితములను జయమనవలెనా, అపజయమనవలెనా? 137ను చూచి అపజయమనే తండ్రి తన కుమారునికి రాకెట్టు కొనియ్యకుండుటయే మేలు.

ఇక తలాంతుల ఉపమానమునకు వస్తాను. మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయము మనకందరికి కంఠతా వచ్చినదే. బిడ్డలను తొందరపెట్టుటకు మనము దానిని తరచుగా వాడుతాము: దాచిపెట్టవద్దు, వ్యాపారము చేయుము, రెట్టింపు చేయుము అని. అందులో రెండు సంగతులను గమనించక దాటిపోతాము. ఐదు తలాంతులు రెట్టింపు చేసినవానికి యజమానుడు ఏ మెప్పు ఇచ్చాడో, రెండు రెట్టింపు చేసినవానికిని సరిగ్గా అదే మెప్పు ఇచ్చాడు. వారిద్దరిలో మొదటివాడెవడు, రెండవవాడెవడు అను లెక్క ఆ యజమానుని పుస్తకములో లేదు. ఎవరి సామర్థ్యము చొప్పున వారికిచ్చి, ఎవరిది వారి యొద్దనే అడిగాడు. ఉపమానములో తలాంతు ఉన్నది గాని ర్యాంకు లేదు.

రెండవది, మూడవ దాసుడు తలాంతును ఎందుకు పాతిపెట్టాడు? సోమరి అని మనము చెబుతాము. యజమానుడును అట్లే అన్నాడు. కాని వాడు తన నోట చెప్పుకొన్న కారణము భయము. యజమానుడు కఠినుడని తలచి భయపడ్డాడు. తరగతి గదిలో దీనిని ఎన్నిసార్లో చూచాను. తండ్రి కఠినుడైతే పిల్లవాడు ప్రోగ్రెస్ రిపోర్టును దాచిపెడతాడు. ఆటలోనూ అంతే. ఓడి ఇంటికి రావడానికి భయపడే పిల్లవాడు లేని నొప్పి ఉన్నదంటాడు, ఉన్న నొప్పి లేదంటాడు. ఈ రెండవది మరింత ప్రమాదము; భుజమో మోకాలో శాశ్వతముగా చెడవచ్చును.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు పరుగుపందెమును గూర్చి వ్రాసినప్పుడు వారికది వింత మాట కాదు. కొరింథు పట్టణమునకు దగ్గరలోనే ఇస్త్మియా క్రీడలు జరిగేవి. అక్కడ గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. వారము తిరగకముందే వాడిపోయే దానికొరకు ఏండ్ల తరబడి ఒళ్లు నలగగొట్టుకొనేవారు. పౌలు వారి కష్టమును ఎగతాళి చేయలేదు, దానినే మనకు మాదిరిగా చూపాడు. మన కాలపు కిరీటము యాబైరెండు వారములు నిలుస్తుంది, అంతే తేడా. కాబట్టి "ఆట లోకసంబంధము, క్రైస్తవ బిడ్డకెందుకు?" అనే సహోదరులతో నేను ఏకీభవించను. శ్రమ, క్రమశిక్షణ, ఓడినప్పుడు ఎదుటివానికి చెయ్యి కలుపుట, గీత మీద పడిన బంతిని పడినదని ఒప్పుకొనుట – ఇవన్నియు మన సండే స్కూలులో నేర్పుటకు కష్టపడుచున్న పాఠములే. చిన్న పోటీలలో ఒక్కొక్కప్పుడు గీతలను చూచే అధికారి ఉండడు, ఆటగాడే తనవైపు తీర్పు చెప్పుకోవాలి. అబద్ధమాడుటకు అంతకంటె మంచి అవకాశము పదిహేనేండ్ల వానికి ఎక్కడ దొరుకుతుంది?

తాకట్టు సంగతి మాత్రము వేరు. ఇక్కడ నాకు యాకోబు గుర్తుకు వస్తాడు. పన్నెండుమంది కుమారులుండగా ఒక్కనికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించాడు. యోసేపు నిజముగా తలాంతు గలవాడే, తరువాత ఐగుప్తునంతటిని కరవునుండి కాపాడినవాడే. అయినను ఆ అంగీ ఆ ఇంటిలో చేసిన పని ఏమిటో మనకు తెలుసు. తండ్రి అంచనా తప్పు కాదు, పంపకము తప్పు. కుమారుని విమానపు టిక్కెట్టు కొరకు కుమార్తె బి.ఎడ్. ఫీజు ఆగిపోతే, ఆమె పైకి ఏమియు అనదు. "తమ్ముడు పైకి వస్తే చాలు నాన్నా" అంటుంది. మన ఆడపిల్లలు అట్లే అంటారు, మనము దానినే అంగీకారమనుకొంటాము. కుమారుడు గెలిచినా ఓడినా ఆమె పోగొట్టుకొన్న సంవత్సరము తిరిగి రాదు. తలాంతు ఆమెకును ఇవ్వబడినది. సంఘము ఆ కుటుంబమునకు ఏమైనా సహాయము చేయదలచుకొంటే మొదట ఆ ఫీజు కట్టుట న్యాయమని పెద్దల సమావేశములో చెప్పాను. కొందరు నవ్వారు, ఆటకు సహాయమడిగితే బి.ఎడ్. ఎందుకని. నేను మాత్రము ఆ మాట మీదనే ఉన్నాను. స్థలము తాకట్టు పెట్టకుండ మన దేశములోనే జరిగే పోటీలు ఒకటి రెండు సంవత్సరములు ఆడించవచ్చును. కుమారుడు తానే మానుకొంటానని చెప్పగలిగే స్వేచ్ఛ కూడ ఉండాలి. ఇంటి స్థలము తన భుజము మీద ఉన్నదని తెలిసిన పిల్లవాడు ఆ మాట చెప్పలేడు.

మిగిలినది ఆదివారము. చిన్న పోటీలలో అర్హత ఆటలు తరచుగా శని, ఆదివారములలోనే పెడతారు. పెద్ద పోటీలలో ఫైనలు ఆదివారమే. ఒకప్పుడు ఇంగ్లాండులో ఇట్లు లేదు. వింబుల్డన్ పురుషుల ఫైనలు ఆదివారమునకు మారినది 1982లో. మధ్య ఆదివారము ఆటలు లేకుండ విశ్రాంతి ఇచ్చే ఆచారము కూడ 2022తో పోయినది. మన మధ్య నర్సులుగా పనిచేసే సహోదరీలు ఆదివారము డ్యూటీ చేస్తారు గదా అని కొందరు అడుగుతారు. అది సరియైన పోలిక కాదు. రోగి మంచము ఆదివారము ఖాళీగా ఉండదు. టెన్నిసు కోర్టు ఉండవచ్చును.

ఇట్టి సందర్భములో అందరూ ఎరిక్ లిడెల్ పేరు చెబుతారు. మిషనరీల కుమారుడు, చైనాలో పుట్టినవాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెపు తొలి పరుగులు ఆదివారము వచ్చినందున వాటిలో పాల్గొనలేదు. దానికి బదులు 400 మీటర్లు పరుగెత్తి 47.6 సెకండ్లలో బంగారు పతకము గెలిచాడు. అంతవరకు అందరికి తెలుసు. తరువాతి కథ తక్కువమందికి తెలుసు. ఆయన మిషనరీగా చైనాకు వెళ్లి, యుద్ధకాలములో జపానువారి నిర్బంధ శిబిరములో ఉండి, 1945 ఫిబ్రవరిలో అక్కడనే మరణించాడు. ఆ శిబిరములో పిల్లలు ఆదివారము హాకీ ఆడుకొంటూ పోట్లాడుకొంటుంటే, ఆదివారము పరుగెత్తనన్న ఆ లిడెల్ గారే వచ్చి రిఫరీగా నిలబడ్డారని ఆయన జీవిత చరిత్రలు వ్రాసినవారు చెప్పారు. తన మీద తాను పెట్టుకొన్న నియమమును ఆ పిల్లల మీద పెట్టలేదు. పెద్దలమైన మనము లిడెల్ గారి 1924ను మాత్రమే జ్ఞాపకముంచుకొని ఇతరుల పిల్లల మీద ఉపయోగిస్తున్నాము.

ఆ పిల్లవాడు ఆదివారము ఆడవలెనా, మానవలెనా అన్నది వాడే ప్రార్థించి తేల్చుకోవలసినది. బాప్తిస్మము పొందినవాడు, ఆపాటి మనస్సాక్షి వానికున్నది. మానుకొంటే ఆ పోటీ పోయినందుకు తండ్రి వానిని నిందించకూడదు. ఆడితే మనము వానిని వెలివేసినట్లు చూడకూడదు. మన తాతలు పనుల కొరకు ఊరు విడిచి ఈ తమిళ దేశములో రాయవేలూరు పక్కకు వచ్చినప్పుడు తమ ఊరి సంఘమునుండి ఒక పరిచయ పత్రము తెచ్చుకొని, దానిని చూపి ఇక్కడి ఆరాధనలో కూర్చున్నారు. చదువులకు, ఉద్యోగములకు వెళ్లే మన యౌవనస్థులకు నేటికిని అట్టి పత్రము ఇస్తున్నాము. పోటీల కొరకు పూణేకో, ఇందూరుకో, మరి ఏ దేశమునకో వెళ్లే ఈ కుమారునికి కూడ అదే పత్రము ఇచ్చి, అక్కడ ఏ సంఘమున్నదో ముందుగా విచారించి పంపవచ్చునని పాస్టరుగారికిని, తోటి పెద్దలకును నా మనవి. ఆటలు ముగిసిన సాయంకాలము కూడిక ఎన్ని గంటలకో కనుగొనుటకు ఒక ఫోను చాలును.