మెట్లక్రింది పెట్టె

అంగడిలో ఎవరైనను మూట మరచిపోయినచో మనము దానిని గల్లాపెట్టె ప్రక్కన భద్రపరచి, అడుగవచ్చినవారికి అప్పగింతుము. ఇది పెద్దలనాటి వాడుక. మరి మన అద్దెయింటి నడవలో కాపురమున్నవారి సామాను కనబడినప్పుడు ఈ నీతి ఎందుకు మారవలెను?

బళ్లారిలో మాకు నాలుగు వాటాల యిల్లు కలదు. నడవ, మెట్లు అందరికీ ఉమ్మడి. కొన్నేండ్ల క్రిందట ఒక కుటుంబము ఖాళీచేసి పోవుచు, తాళము వేసిన రేకుపెట్టె నొకదానిని మెట్లక్రింద విడిచిరి. మూడు నెలలు గడచెను. ఒకనాటి రాత్రి పైవాటా పెద్దమ్మ దానికి తట్టుకొని పడినది. నాకు కోపము వచ్చి, మరునాడే ఆ పెట్టెను పాతసామాన్లవానికి అమ్మించితిని. వారికి కబురైనను చేయలేదు. తరువాత ఆ యిల్లాలు వచ్చి, "సేఠుగారూ, మా పెట్టె ఏదండీ? అందులో మా అత్తగారి పెండ్లిచీర ఉన్నది" అన్నది. డబ్బు ఇవ్వబోతిని. ఆమె పుచ్చుకొనలేదు.

ఇయ్యనిదానిని తీసికొనుటయే దొంగతనమని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో నిర్ణయించెను. ఇల్లు నాది, పెట్టె నాది కాదు. వారు అడుగకుండుట నాకిచ్చినట్లు కాదు.

అట్లని త్రోవకడ్డముగా ఉండనీయవచ్చునా? కూడదు. నడవకు నలుగురును అద్దె చెల్లించుచున్నారు. ముసలివారు పడుదురని తెలిసియు ఊరకుండుట హింసయే. కాని తొలగించుట వేరు, తీసికొనుట వేరు. నేను మొదటిది మూడు నెలలు చేయక, రెండవది ఒక్కదినములో చేసితిని. పైగా ఆ నడవలో సగము మా అంగడి ఖాళీడబ్బాలే ఆక్రమించియుండెను!

1872 నాటి కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము, దొరికిన పరాయి వస్తువును స్వాధీనపరచుకొన్నవాడు, దాచుటకు అప్పగింపబడిన సొత్తువలె దానిని కాపాడవలెను.

కావున సోదరులారా, ముందు మన సామాను తీయుదము. పరులది ఇద్దరు కాపురస్థుల యెదుట, తాళము తీయక, సురక్షితమైన చోటికి చేర్పింతము. సొంతదారునకు ఉత్తరము వ్రాసి గడువిత్తము. ఎంతకును రానిచో పెద్దలతో ఆలోచించి, వచ్చిన వెల వారి పేరనే జమకట్టుదము.

ఆ సంవత్సరి దినమున ఆమెకు క్షమాపణ కోరుచు వ్రాసితిని. జవాబు రాలేదు. ఆ పైకము నేటికిని మా ఖాతాలో ఆమె పేరనే యున్నది.