అక్కరలేని వస్తువు – దాసోహభావము

ఒక వస్తువు మనకు అక్కరలేనిదైనప్పుడు దానిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగా కనిపించును. చెత్తకుండీ వీథిమలుపులోనే ఉండగా ఇందు విచారింపవలసిన ధర్మసూక్ష్మము ఏమున్నదని కొందరు నవ్వవచ్చును. కాని దీని వెంటనే ఇంకొక ప్రశ్న వచ్చుచున్నది. మనకు అక్కరలేని వస్తువును ఇతరులకు ఇచ్చినచో అది దానమగునా? దానిని దాసోహమని చెప్పుకొనవచ్చునా? లేక మన యింటి చెత్తను ఎదుటివారి యింటికి చేర్చుట మాత్రమేనా? కాయకమును, దాసోహమును రెండు కన్నులుగా భావించు కుటుంబములలో ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట అవసరము.

మొదట వస్తువన నేమో చూతము. ఒక నూలుచీరను తీసికొనుడు. రైతు దుక్కి దున్ని ప్రత్తి పండించినాడు. కూలివారు ఎండలో ప్రత్తి తీసినారు. నూలు వడికినవారు, రంగు అద్దినవారు, మగ్గముపై నేసినవారు వేరువేరుగా ఉన్నారు. ఇందరి కాయకము కలిసి చీర అయినది. “వెల యిచ్చి కొంటిని, నా యిష్టము వచ్చినట్లు పారవేయుదును” అను వాదము కలదు. వెల వర్తకునికి ముట్టినది, నిజమే. కాని ఆ కాయకమునకు చూపవలసిన గౌరవము ఇంకను మిగిలియున్నది. వస్తువును తుదివరకు సద్వినియోగము చేయుటయే ఆ గౌరవమును చూపు మార్గము.

మన పెద్దలు ఈ ధర్మమును ఉపన్యాసములు లేకయే ఆచరించిరి. చీర కట్టుటకు పనికిరాకపోయినచో పసిబిడ్డకు ఉయ్యాల అయ్యెడిది. పిమ్మట నాలుగు పాతచీరలు కలిపి కుట్టగా బొంత అయ్యెడిది. బొంత చిరిగిన పిదప మసిగుడ్డ, తుదకు ఇల్లు అలుకు గుడ్డ. ఉతికిన పాతపంచె దీపపు వత్తులకు వచ్చెడిది. కొబ్బరిపీచు అంట్లు తోముటకు, చిప్ప గరిటెకు, పొయ్యిలోని బూడిద పాత్రల మెరుగునకు పనికివచ్చెడివి. బియ్యము కడిగిన నీరు కుడితితొట్టిలో చేరి పశువు కడుపు నింపెడిది. చిల్లుపడిన బిందెకు మాటు వేయించుకొనిరి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయించుకొనిరి. అంతయేల? మన నుదుట ధరించు విభూతియే ఆవుపేడ పిడకలను కాల్చగా వచ్చిన భస్మము. లోకము హేయమని తలచునది సంస్కారముచే పవిత్రమగునని మనము నిత్యము నుదుట చాటుకొనుచున్నాము. ఆ చాటింపు వంటయింటిలోను, పెరటిలోను కనిపింపవలదా?

నేడు కాలము మారినది. మట్టిలో కలిసిపోవు వస్తువుల స్థానమున ప్లాస్టిక్కు వచ్చినది. దేశమున 1-7-2022 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మున్నగు వస్తువులు నిషేధింపబడినవి. అంతకు ముందే 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు తడిచెత్తను, పొడిచెత్తను, గృహమునందలి ప్రమాదకరమైన చెత్తను వేరువేరుగా ఉంచవలెనని ప్రతి గృహస్థునకు విధించినవి. చట్టము మంచిదే. కాని చట్టము వీథిగుమ్మము వరకే రాగలదు. గుమ్మము లోపల పని గృహిణి, గృహస్థుల మనస్సాక్షిది.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. కూరగాయల తొక్కలను, రాలిన ఆకులను పెరటిలోని గుంటలో వేసి, పైన పలుచగా మట్టి చల్లుచుండినచో కొన్ని నెలలలో ఎరువగును. పాత పంట్లాము కాళ్లతో అంగడికి తీసికొనిపోదగిన గట్టి సంచులు కుట్టవచ్చును. పగిలిన కుండ అడుగుభాగము పిట్టలకు నీరు పెట్టుటకు చాలును. బడిపిల్లల నోటుపుస్తకములలో ఏటి చివర ఎన్నియో తెల్లకాగితములు మిగిలిపోవుచుండును. వానిని తీసి దారముతో కుట్టినచో మరుసటి యేటికి చక్కని చిత్తుపుస్తకమగును. పై తరగతికి పోయిన విద్యార్థి తన పాఠ్యపుస్తకములకు అట్టలు వేసి క్రింది తరగతివానికి ఇచ్చు ఆచారము బడులలో ఉండెడిది. దానిని మరల నిలుపదగును. మఠములలో దాసోహమునకు మోదుగాకు, అడ్డాకు విస్తళ్లను వాడినచో అవి పిమ్మట మట్టిలో కలియును. పూజానంతరము తీసిన పత్రిని, పుష్పములను ప్లాస్టిక్కు సంచిలో కట్టి చెరువులో విడుచుట కంటె, మఠపు తోటలో ఒక గుంట త్రవ్వి అందు వేసినచో ఆ ఎరువుతోనే బిల్వవృక్షము పెరుగును.

అయితే ప్రతి పాతవస్తువును మరల వాడుట ధర్మమని భ్రమింపరాదు. 2013 జులైలో బీహారు రాష్ట్రమందలి సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పసిపిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలలో తేలినది. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను ధాన్యమునకుగాని, నూనెకుగాని, నీటికిగాని వాడరాదు. గొట్టపు దీపములలో పాదరసముండును; వానిని పగులగొట్టరాదు. పాడైన బ్యాటరీలను, సెల్ఫోనులను మామూలు చెత్తలో కలుపక, తీసికొను ఏర్పాటు గల అంగళ్లకు ఇయ్యవలెను. వివేకము లేని పొదుపు పొదుపు కాదు.

రెండవ భ్రమ కూడబెట్టుట. “ఎప్పటికైన పనికివచ్చును” అని అటకపై చేర్చిన విరిగిన కుర్చీలు, మూతలు లేని డబ్బాలు, ఇరువది యేండ్లనాటి సామగ్రి సద్వినియోగమునకు గుర్తులు కావు. అవి లోభమునకు గుర్తులు. ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర స్మరణీయము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి జంగమదాసోహము చేయుట మారయ్య కాయకము. పరులు లెక్కచేయని గింజలతోనే వారి అన్నము, వారి అతిథుల అన్నము సిద్ధమయ్యెడిది. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి గింజలు తేగా, లక్కమ్మ ఆ యధికమును మరల అచ్చటనే విడిచి రమ్మని భర్తను పంపినదని శరణచరిత్రలు చెప్పుచున్నవి. రాలిన గింజను వృథా పోనీయరాదు అనునది ఒక ధర్మము. అవసరమునకు మించి ఒక్క గింజను దాచరాదు అనునది రెండవ ధర్మము. ఈ రెండింటిని ఒకే గృహమున నిలిపిన తల్లి లక్కమ్మ. మొదటి దానిని పట్టుకొని రెండవ దానిని విడిచినచో మన యిల్లు కొట్టుగది యగును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు దేశము నలుమూలల నుండి తమిళనాడు తీరమునకు వస్త్రములు పంపబడినవి. పంపినవారి హృదయము మంచిదే. కాని అచ్చటివారు కట్టజాలని పాతబట్టలు కుప్పలుగా దారిప్రక్కల పడియుండెను. సర్వస్వము కోల్పోయినవారు సైతము వానిని ముట్టలేదు. ఆకలిగొన్నవానికిని అభిమానము ఉండునని మనము మరచితిమి. ఆ బట్టలను ఏరి, వేరుపరచి, ఉపయోగములోనికి తెచ్చు పనిలో ‘గూంజ్’ అను సంస్థ పాలుపంచుకొన్నది. 1999లో ఢిల్లీలో ఈ సంస్థను స్థాపించిన అంశు గుప్తాగారికి 2015లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. ఈ సంస్థ పద్ధతి గమనింపదగినది. గ్రామస్థులు తమ ఊరి బావిని త్రవ్వుకొనుట, చెరువు పూడిక తీసికొనుట, బాట వేసికొనుట వంటి పనులు చేయుదురు. ఆ శ్రమకు ప్రతిఫలముగా వస్త్రములు అందును. పుచ్చుకొనువాడు చేయి చాపుట లేదు, కాయకము చేసి తీసికొనుచున్నాడు. కాయకతత్త్వమును ఎరిగిన మనకు ఇందలి ఔన్నత్యమును వేరుగా వివరింపనక్కరలేదు.

కాబట్టి ఇచ్చుటకు ముందు ఒక పరీక్ష పెట్టుకొందము. ఈ వస్తువును ఇదే స్థితిలో నాకు ఎవరైన ఇచ్చినచో నేను సంతోషముతో అందుకొందునా? అందుకొననిచో, ఉతికి, బొత్తాములు కుట్టి, చిరుగు మాపి అప్పుడు ఇయ్యవలెను. అది సాధ్యము కానిచో దానిని గుడ్డపీలికగానే వాడుకొనవలెను, దానమను పేరు పెట్టరాదు. మరియొక మాట. ఇంటిపని చేయు స్త్రీకి పాతచీర ఇచ్చి, దానిని జీతములోనో, పండుగనాడు ఇయ్యవలసిన కొత్తచీరకు బదులుగానో లెక్కకట్టు ఇల్లాండ్రు ఉన్నారు. ఇది దానమును అడ్డుపెట్టుకొని కాయకపు ఫలమును తగ్గించుట. జీతము ఆమె హక్కు. పాతచీర ఆమె కోరినచో మాత్రమే ఇయ్యదగినది.

మన వీథిలో పాతసామానులు కొనువాడు, చిత్తుకాగితములు ఏరుకొను పిల్లవాడు, చెత్తబండి తోయు కార్మికుడు ప్రతిదినము తిరుగుచుందురు. మనము పారవేసినది వారి జీవనాధారము. నదీతీరపు గడ్డిని కోసి త్రాళ్లు పేనిన నులియ చందయ్యను మనము శరణుడని కీర్తింతుము. మన చెత్తనుండి అన్నము సంపాదించుకొను కాయకజీవిని మాత్రము ముక్కు మూసికొని చూతుము. ఇది ఎట్టి భక్తి? పగిలిన గాజును, వాడిన బ్లేడును విడిగా కాగితములో చుట్టి, పైన గుర్తు పెట్టి ఇచ్చినచో ఒక మనుష్యుని చేయి తెగకుండును. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇచ్చినచో అతడు కుళ్లులో చేతులు పెట్టవలసిన పని తప్పును. ఇందుకు ధనవ్యయము లేదు, నిమిషముల శ్రద్ధ చాలును.

తుదకు తేలునది ఏమి? అక్కరలేనిదానిని ఇచ్చుట దాసోహము కాదు. అది వస్తువును చేసిన చేతులకును, దానిని భరించు భూమికిని మనము తీర్చవలసిన ఋణము. ఋణము తీర్చినవాడు దాతనని గర్వింపరాదు. మనకు అవసరమైనదానినుండి ఒక పాలు తీసి, “నేను ఇచ్చుచున్నాను” అను భావము విడిచి సమర్పించునప్పుడు దాసోహము మొదలగును. అయినను ఋణము తీర్పనివాడు దాసోహమునకు అర్హుడు కాజాలడు. అవసరమునకు మించి కొనకుండుట, కొన్నదానిని తుదివరకు వాడుట, చెడినదానిని బాగుచేయించుట, మిగిలినదానిని గౌరవముతో ఇయ్యుట అను ఈ నాలుగు నియమములను ప్రతి శరణగృహము నేడే ఆరంభించుగాక. పిల్లలు చూచి నేర్చుకొందురు; వారికి ఇంతకు మించిన పాఠము బడిలో మేమును చెప్పలేము.

శరణు శరణార్థి.