దానం ఎక్కడ మొదలవ్వాలి?

దానం విలువ ఇచ్చిన మొత్తంలో ఉంటుందా, ఇచ్చేవారి చూపులో ఉంటుందా? ప్రశ్న పాతదే. అయితే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాల ముందు అది మళ్ళీ నిలిచింది. అల్లాహ్ దయవల్ల జీతాలు పెరిగాయి. రమజాన్ రాగానే రెండున్నర శాతం లెక్కగట్టి ఫోనులోనే జకాత్ పంపేస్తున్నాం. సంతోషమే. కానీ మన ఇంట్లో గిన్నెలు తోమే స్త్రీ జబ్బుపడితే ఎక్కడికి వెళుతుందో మనలో ఎందరికి తెలుసు?

రాజవంశపు స్త్రీల దానధర్మాలు అనగానే ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా గుర్తుకొస్తారు. మక్కాలో యాత్రికుల నీటి కష్టం తీర్చడానికి ఆమె కాలువ తవ్వించారు. మన నగరానికీ అలాంటి ఒక జ్ఞాపకం ఉంది.

ఉస్మానీ ఖలీఫాల వంశానికి చెందిన నీలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో జన్మించారు. 1924లో ఆ వంశం దేశ బహిష్కరణకు గురైంది. 1931లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు ముఅజ్జమ్ జాను వివాహమాడి ఆమె హైదరాబాద్ వచ్చారు. ఆమెకు సంతానం కలుగలేదు. 1949లో ఆమె పరిచారిక ఒకరు ప్రసవ సమయంలో మరణించారు. నీలోఫర్ ఆ దుఃఖాన్ని కన్నీటితో ముగించలేదు. తల్లులకు, పసిబిడ్డలకు ఆస్పత్రి కావాలని పూనుకున్నారు. 1952లో ఆమెకు విడాకులయ్యాయి. 1953లో రెడ్‌హిల్స్‌లో ఆమె పేరిట ఆస్పత్రి తెరుచుకుంది. 1989లో ఆమె పారిస్‌లో కన్నుమూశారు. ఆస్పత్రిలో మాత్రం పేద తల్లుల బిడ్డలకు నేటికీ వైద్యం అందుతోంది.

"రాజుల సొమ్ము ప్రజలదే కదా, ఇందులో గొప్పేముంది?" అని కొందరు అడగవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఇస్లాం దృష్టిలో మన జీతం కూడా మన సొంతం కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. సంకల్పాల సంగతి ఆయనకే తెలుసు. మనం నేర్చుకోవలసింది ఒక్కటే. పనిమనిషి చావు ఏ మహల్‌లోనైనా రెండు రోజుల్లో మరిచిపోయే సంగతి. ఆ ఒక్క చావులో వేలాది తల్లుల కష్టాన్ని చూడగలగడమే అసలు దానానికి తొలిమెట్టు.

మన దగ్గర పనిచేసేవారు మన సోదరులని, మనం తినేదే వారికీ పెట్టాలని దైవప్రవక్త (స) బోధించారు. కనుక సోదర సోదరీమణులారా! పనిమనిషికి ఇవ్వవలసిన జీతాన్ని జకాత్‌లో కలిపి లెక్క చూపడం ధర్మసమ్మతం కాదు. ముందు జీతం పూర్తిగా ఇద్దాం. ఆ తర్వాత ఆమె కష్టసుఖాలు అడుగుదాం. ఆమె ఏ మతానికి చెందినా సదఖాతో ఆదుకోవచ్చు. గర్భవతి అయితే జీతం కోయకుండా సెలవిద్దాం, ఆస్పత్రి ఖర్చులో తోడుందాం. పదిమంది కలిస్తే ఒక బస్తీకి వైద్యవసతి కల్పించవచ్చు. మనిషి మరణించాక కూడా పుణ్యం చేరవేసే సదఖయె జారియా అదే.

దూరాన ఉన్నవారికి పంపే చేతులతోపాటు దగ్గరివారిని చూసే కళ్ళను కూడా అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.