ఎత్తు కొలిచే బండ

హైదరాబాద్ బండరాళ్ల మీద ఉమా మగల్ తీసిన డాక్యుమెంటరీ 'అదర్ కోహినూర్స్'. అది చూసినప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ప్రకృతి నడుమ పెరగడం గురించి తీసే సినిమాల్లో ఏదో ఒక ప్రాణి పెరుగుతుంటుంది. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'లో రఘు అనే గున్న ఏనుగు మన కళ్లముందే పెద్దదవుతుంది. బండ పెరగదు, కదలదు. కెమెరా ఎంతసేపు నిలబడినా అది చేసి చూపేదేమీ లేదు. అయినా పిల్లలు పెరిగే చోట అలాంటిది ఒకటి తప్పక ఉండాలని నగరంలోని ఖాజాగూడ గుట్ట ఎక్కినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమిలో ఎంతో లోతున శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడింది. పైపొరలు అరిగిపోయి బరువు తగ్గాక రాయి పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి దిగిన నీరు అంచులను తింటూ తింటూ గుండ్లను మిగిల్చింది. ఎవరో ఎత్తి పేర్చినట్టున్నా, అవి ఉన్నచోటే అలా తేలాయి. దగ్గరగా చూస్తే లేత గులాబీ పలుకులు, మధ్యలో అభ్రకం మెరుపు. అరచేయి ఆనిస్తే గరుకు. ఎండాకాలం పొద్దుగూకాక కూడా వేడి తగ్గదు. వానలు పడితే పైనున్న గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. పిడికెడు మట్టి దొరికిన సందులో సీతాఫలం మొక్క వేళ్లూనుకుంటుంది.

ఒక ఆదివారం అక్కడ ఓ పిల్ల తండ్రిని పిలిచి, "డాడీ, పోయినసారి ఈడిదాకే అందింది, ఇప్పుడు చూడు!" అంది. ఆ మాటలోనే అంతా ఉంది. అద్దె ఇంటి గోడ మీద పెన్సిలుతో గీసిన ఎత్తు గీతలు ఇల్లు మారగానే సున్నం కింద పోతాయి. ఈ చుట్టుపక్కల రోడ్లు, దుకాణాలు మారిపోతుంటాయి, పొరుగువాళ్లూ మారిపోతుంటారు. మారనిది పక్కన ఉంటేనే తాను ఎంత మారిందీ పిల్లకు తెలుస్తుంది. పైగా బండ మెచ్చుకోదు, మార్కులు వేయదు. పట్టు దొరికితే ఎక్కుతాం, లేకపోతే లేదు. ఈ నిజాయితీ పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుంది?

గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. వచ్చినవాళ్లు రాతికి తగ్గట్టు సర్దుకున్నారు. మన కాలంలో రాయే తప్పుకోవాల్సి వచ్చింది. 1996లో బండల్ని కాపాడాలని 'సొసైటీ టు సేవ్ రాక్స్' పుట్టింది అందుకే. చెట్టు కొడితే ఇంకోటి నాటొచ్చు. బండకు నర్సరీ లేదు. క్రషర్‌లో పడితే కంకర, ఆ కంకర మనం పడుకునే ఇంటి స్లాబులోనే ఉంటుంది. అందుకే మిగిలిన గుట్టల బాధ్యత ఇక్కడ ఇల్లు కొన్న ప్రతివాళ్లదీ అంటాను.

చుట్టుపక్కల బడులు 'అదర్ కోహినూర్స్' వేసి చూపించాలి. చూపించి ఊరుకోకుండా, పిల్లల్ని ఏటా ఒకే బండ దగ్గరికి తీసుకెళ్లాలి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా. కెమెరా పట్టిన కుర్రాళ్లెవరైనా ఆ అయిదేళ్లూ ఒకే చోటునుంచి తీయగలిగితే, ఎవరి చేయి ఏ ఏడు ఎక్కడిదాకా అందిందో చూపితే చాలు. వ్యాఖ్యానం అక్కర్లేదు.