పంక్తిలో కడపటివారు



యెరూషలేము సంఘములో ప్రతిదినము జరుగు ఆహారపు పంపకమందు కొందరు విధవరాండ్రకు అన్యాయము జరుగుచుండెనని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమువలన తెలియుచున్నది. అపొస్తలులు ఆ స్త్రీలను నిందింపలేదు, వారి రాత అంతేననియు అనలేదు. లోపము పంపకములో నున్నదని గ్రహించి, దానిని సరిచేయుటకు ఏడుగురిని నియమించిరి.

మన బిడ్డ చిక్కిపోయినప్పుడు మనమేమందుము? “దిష్టి తగిలింది” అందుము, లేక “తల్లికి పెంచడం చేతకాదు” అందుము. నింద వేరు, కారణము వేరు. ఒకరిని నిందించినయెడల మిగిలినవారు తమ పని తీరినదనుకొందురు. కారణము తెలిసినయెడల అందరికిని పని కలుగును.

ఓర్వకల్లు ప్రాంతము రాతినేల, వాన తక్కువ. మన పెద్దలు కొర్రన్నము, జొన్నరొట్టె తినిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి అనేకుల ఆకలి తీర్చినది. అది గొప్ప మేలే. అయితే పాలిష్ బియ్యము కడుపు నింపునుగాని ఒంటికి రక్తము పట్టింపదు. పప్పు, ఆకుకూర, గుడ్డు దానితో కూడవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నది. అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు.

కారణము కుండలో మాత్రమే లేదు. ఆరుబయట మలవిసర్జన జరుగు నేలలోనుండి కొంకిపురుగు వట్టికాళ్లగుండ దూరి ప్రేగులలో రక్తము పీల్చును. చెడునీటివలన కలుగు విరేచనములు తిన్నదానిని ఒంటబట్టనియ్యవు. పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైన పిల్ల తాను ఎదుగకమునుపే తల్లి యగును. అందరు తినినతరువాత గిన్నె అడుగున మిగిలినదే ఆమె భోజనము. రక్తము చాలని తల్లికి తరచుగా బరువు చాలని బిడ్డ పుట్టును.

“మేము పేదలము, ఏమి చేయగలము?” అని కొందరందురు. పేదరికము నిజమే. తగిన కూలి, మంచినీరు, రేషను అడుగుట మన హక్కు. 1990ల నుండి ఓర్వకల్లు మండల స్త్రీలు పొదుపు సంఘములు కట్టుకొని, చేయి చేయి కలిపినయెడల పేదలును తమ స్థితిని మార్చుకొనగలరని చూపిరి. అయితే ఇంటిలోనున్న ఒక్క గుడ్డు ఎవరి పళ్లెములో పడవలెనో ఏ ప్రభుత్వమును నిర్ణయింపదు, మనమే నిర్ణయింతుము.

కాబట్టి పురుషులారా, గర్భిణికిని బాలింతకును ముందు వడ్డింపనియ్యుడి. తల్లులారా, బిడ్డను నెలనెల అంగన్వాడీలో తూయించుడి. పెద్దలారా, బాలికల పెండ్లికి తొందరపడకుడి. ఈ రాత్రి భోజనమునకు కూర్చుండినప్పుడు, మన పంక్తిలో ఎవరికి తక్కువైనదో చూచి, వారికి పెట్టి తిందము.