తెలియక చేశామంటే చాలునా?

సికింద్రాబాదులో కాగజ్‌నగర్ రైలెక్కితే దారిలో ఆసిఫాబాద్ రోడ్డు స్టేషను వస్తుంది. ఆ పడమటి కొండల్లో, కెరమెరి దాపున జోడేఘాట్ ఉంది. 1940లో నిజాం పోలీసులు అక్కడ కొమురం భీమును, ఆయన వెంటనున్న గోండులు కొందరిని కాల్చి చంపారు. పోడు కొట్టుకొని బ్రతికిన నేల సర్కారు అడవి అయింది. పశువులు మేస్తే పన్ను, చెట్టు కొడితే నేరం. తాతలనాటి నేలపై వారే దొంగలయ్యారు.

అంతా అయ్యాక ప్రభుత్వం హైమెండార్ఫ్ పండితుని పంపింది. ఆయన గోండుల మధ్య కాపురముండి వారి గోడు విన్నాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. భూములకు పట్టాలూ వచ్చాయి. మంచిదే. కాని తుపాకి ముందు, విచారించడం వెనుక!

ఆదికాండము 18వ అధ్యాయం తెరచి చూడండి. సర్వమూ ఎరిగిన దేవుడే, సొదొమను గూర్చిన మొర నిజమో కాదో దిగివెళ్లి చూస్తానంటాడు. తీర్పు ఆ తరువాతనే.

కాల్చిన జవాను సంగతి వేరు. పైనుండి ఉత్తర్వు, ఎదుటివాని భాష కూడా రాకపోవచ్చు. అతని దోషమెంతో దేవునికే ఎరుక. నా ప్రశ్న ఉత్తర్వు ఇచ్చినవారిని గూర్చి. తమకు తెలియదని వారు అనవచ్చు. పాపసంకీర్తనంలో మనమూ అనే మాటే అది. పనిమనిషి జీతం కోసేముందు ఎందుకు రాలేదని అడిగామా? తెలుసుకొనే వీలుండీ తెలుసుకొనకపోవడం దోషమేనని పునీత తోమాసు అక్వినాసు బోధ. హైమెండార్ఫ్ విన్న మొర అంతకుముందూ ఆ కొండల్లో ఉన్నదే కదా.