వెతికేవాడి కాళ్ళతో నిలబడి చూడు

అల్లుడూ,

నువ్వు మొదటి జియోక్యాష్ దాచబోతున్నావని వినగానే ఎంత సంతోషమేసిందో! ఇన్నాళ్ళూ ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎక్కడో దాచి, ఆ చోటు జీపీఎస్ కోఆర్డినేట్స్ జియోక్యాషింగ్ పేజీలో పెట్టిన డబ్బాలు వెతికి మురిసిపోయావు. ఇప్పుడు నువ్వూ ఒకటి దాచి నలుగురినీ మురిపిద్దామనుకోవడం మంచి మనసుకి గుర్తు. పంపిన ఫొటోలన్నీ చూశాను. వాషింగ్టన్ రాష్ట్రంలో మీ ఊరు దాటాక వచ్చే రెండు లేన్ల హైవే, కొండ మలుపు, మలుపులో గార్డ్‌రైల్, అవతల లోయ. గార్డ్‌రైల్ వెనక అయస్కాంతంతో అంటించే చిన్న డబ్బా. చోటు అందంగా ఉంది, కాదనను. కానీ అక్కడ దాచొద్దురా. ఎందుకు వద్దంటున్నానో రోడ్ల పనిలోనే జీవితం గడిపిన మేనమామగా వివరంగా చెప్తాను. రేపు ఇంకో చోటు చూసేటప్పుడు కూడా పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఒక చోటు క్షేమమా కాదా అని చూసేటప్పుడు దాచేవాడు తనని తాను కొలమానంగా పెట్టుకుంటాడు. "నేను వెళ్ళాను, పెట్టాను, వచ్చాను, ఏమీ కాలేదు" అనుకుంటాడు. నువ్వు వెళ్ళింది ఒక ఎండపూట, చేతులు ఖాళీగా, ఎక్కడ పెట్టాలో తెలిసి. వెతికేవాళ్ళకి ఆ తెలివిడి ఉండదు. ఒకరు చీకట్లో వస్తారు. ఒకరు వానలో వస్తారు. ఒకరు వెనక సీట్లో ఇద్దరు పిల్లలతో వస్తారు. అందరి చూపూ ఫోన్ మీదే ఉంటుంది. నువ్వు అక్కడ గడిపింది రెండు నిమిషాలైతే, నీ డబ్బా ఏళ్ళ తరబడి మనుషుల్ని అక్కడికి రప్పిస్తూనే ఉంటుంది. కాబట్టి చోటుని నీ కళ్ళతో చూసి ఊరుకోకు, వెతికేవాడి కాళ్ళతో నిలబడి చూడు.

మొదటిది లెక్క. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌లో జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. కొండపక్కన, చెట్ల కింద ఆ తేడా పెరుగుతుంది. నువ్వు కొలిచినప్పుడు వచ్చిన తప్పు, వాళ్ళ ఫోన్ చేసే తప్పు కలిస్తే పది మీటర్ల దాకా పోవచ్చు. అంటే నువ్వు దాచేది ఒక బిందువులో అయినా, వాళ్ళు వెతికేది ఒక వలయంలో. ఇప్పుడు ఆ వలయాన్ని నీ గార్డ్‌రైల్ దగ్గర గీసి చూడు. అమెరికా హైవే మీద ఒక లేన్ వెడల్పు మామూలుగా 12 అడుగులు. లేన్ పక్కన వదిలే అంచు, అంటే షోల్డర్, ఎనిమిది అడుగులనుకో. రెండు లేన్లూ షోల్డరూ కలిపితే 32 అడుగులు, దాదాపు పది మీటర్లు. వెతికేవాడి వలయం రోడ్డు అవతలి గట్టుని తాకుతోంది! ఫోన్‌లో బాణం ఎటు తిరిగితే అటు అడుగేసే మనిషికి ఆ వలయంలో సగం తారురోడ్డే. ఏ చోటుకైనా ఈ వలయం గీసి చూసుకో. అందులో బండ్లు తిరిగే లేన్ ఏ మాత్రం పడినా ఆ చోటు వదిలెయ్.

రెండోది గార్డ్‌రైల్. చాలామంది దాన్ని రక్షణగోడ అనుకుని, వెనక నిలబడితే భయం లేదనుకుంటారు. అది ఎక్కడ పెడతారో ఆలోచించు. రోడ్డు దిగిన బండి మామూలుగా ఆగలేని చోట, కింద లోయో వాగో బండరాయో ఉన్న చోట పెడతారు. ఇక్కడ బండి రోడ్డు తప్పితే ప్రాణం మీదికొస్తుందని లెక్క వేసిన మీదటే ఆ రేకు అక్కడికి వచ్చింది. పైగా బండి గుద్దితే అది వెనక్కి వంగుతుంది. వంగి, దెబ్బ తీవ్రతని తనలోకి తీసుకోవడమే దాని పని. కొన్ని అడుగుల మేర వంగే రేకు వెనక, అడుగు జారితే లోయ ఉన్న చోట, వంగి డబ్బా తడుముతున్న మనిషిని ఊహించుకో. ఆ రేకు బండిలో ఉన్నవాడి కోసం పెట్టింది, దాని వెనక ఉన్నవాడి కోసం కాదు.

మూడోది మలుపు. గంటకు 55 మైళ్ళ వేగంతో వచ్చే బండి సెకనుకి 80 అడుగులు దాటుతుంది. డ్రైవర్ ప్రమాదం చూసి, ఆలోచించి, బ్రేక్ తొక్కి, పూర్తిగా ఆగడానికి అమెరికా రోడ్డు డిజైన్ ప్రమాణాల ప్రకారం 495 అడుగులు కావాలి. అందులో డ్రైవర్ తేరుకోవడానికి రెండున్నర సెకన్లు కలిపే ఉన్నాయి. 60 మైళ్ళ వేగమైతే 570 అడుగులు. దీన్ని టేపు లేకుండానే కొలవొచ్చు. లేన్‌కి దూరంగా, క్షేమమైన చోట నిలబడి, బండి మొదట కంటబడిన క్షణం నుంచి నీ చోటుని దాటేదాకా సెకన్లు లెక్కపెట్టు. ఆరు సెకన్లు కూడా రాకపోతే, అకస్మాత్తుగా ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చినా ఆ డ్రైవర్ ఆపలేడు. ఆరు వచ్చినా నాకు తృప్తి లేదు. ఆ లెక్క రోడ్డు మీద దృష్టి పెట్టిన డ్రైవర్‌కే వర్తిస్తుంది. ఫోన్ చూసుకుంటూ నడిపేవాడికి ఏ లెక్కా సరిపోదు. రెండు వైపుల నుంచీ ధారాళంగా కనిపించే చోటే వెతుక్కో.

నాలుగోది బండి ఆపడం. క్యాష్ ఎంత క్షేమంగా ఉన్నా, వచ్చినవాడు కారు ఎక్కడ పెడతాడనేదే అసలు ప్రశ్న. వేగంగా వెళ్ళే రోడ్డు మీద షోల్డర్‌లో ఆపి, ట్రాఫిక్ వైపు తలుపు తీసి, తిరిగి బయల్దేరేటప్పుడు సున్నా నుంచి 55 మైళ్ళ వేగం అందుకుంటూ లేన్‌లో కలవాలి. వెతకడం కంటే ఈ దిగడం, ఎక్కడం, కలవడంలోనే ఎక్కువ ప్రమాదం. ఇంటర్‌స్టేట్ మాట అసలు ఎత్తొద్దు. అక్కడ షోల్డర్ అత్యవసరానికే. లేన్ల నుంచి విడిగా, కనీసం రెండు మూడు కార్లు పట్టే చోటు ఉంటేనే ఆలోచించు. ఉంటే ఆ పార్కింగ్ కోఆర్డినేట్స్ పేజీలో విడిగా ఇవ్వు. పార్కింగ్ రోడ్డుకి ఒకవైపు, డబ్బా రెండోవైపు ఉండకూడదు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. మన వైపు హైవే మీద కారు పక్కకి తీసి తాటిముంజలు కొనడం, కొబ్బరిబోండాం తాగడం మనకి చిన్నప్పటి నుంచీ మామూలు. ఇక్కడ డ్రైవర్‌కి రోడ్డు పక్కన మనిషి, సైకిలు, గేదె ఉంటాయని తెలుసు. హారన్ మీద చెయ్యి వేసే నడుపుతాడు. ఇక్కడా అది క్షేమమైన అలవాటేం కాదు. కానీ అమెరికా హైవే మీద వెళ్ళేవాడు కాలినడకన మనిషి ఎదురవుతాడని అనుకోడు. అనుకోనిది కంటికి ఆలస్యంగా ఆనుతుంది. అందుకే ఆ అలవాటుని అక్కడికి తీసుకెళ్ళకు.

ఐదోది కాలం. అక్కడ మీకు డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఉద్యోగం చేసుకునేవాళ్ళు వెతకడానికి వచ్చేది ఆ తర్వాతే. కొత్త క్యాష్ ప్రచురితమైందన్న కబురు రాగానే, అందరికంటే ముందు డబ్బాలోని లాగ్ పుస్తకంలో సంతకం చెయ్యాలని అర్ధరాత్రి వానలో కూడా బయల్దేరేవాళ్ళు ఉంటారు. అందుకని నీ చోటుని మధ్యాహ్నం ఒకసారి, మసక చీకట్లో ఒకసారి చూసిరా. చలికాలంలో మంచు తోసే బండ్లు ఆ మంచంతా ఎటు నెడతాయో గమనించు. నువ్వు చూసిన షోల్డర్ జనవరిలో మంచుగుట్ట అయిపోతే, వెతికేవాడు లేన్‌లోనే నడుస్తాడు.

రోడ్డు అంచు ఖాళీ స్థలంలా కనిపిస్తుంది గానీ అది నిత్యం పని జరిగే చోటు. ఈ ఆట చరిత్రే అందుకు సాక్ష్యం. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ మీద పెట్టిన అడ్డు తీసేసింది. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర రోడ్డు పక్కన ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచాడు. ఈ ఆటకి అదే పుట్టుక. ఆ బకెట్‌ని చివరికి గడ్డి కోసే యంత్రం ధ్వంసం చేసింది. లోపలి వస్తువుల్లో ఒక్క బీన్స్ డబ్బా మాత్రం దక్కింది. మొదటి క్యాష్‌కే తప్పని ముప్పు నీదానికి తప్పుతుందనుకోవడం ఎలా? గడ్డి కోసేవాళ్ళు, మంచు తీసేవాళ్ళు, రేకు మార్చేవాళ్ళు అందరూ తిరిగే జాగా అది. దానికి యజమాని ఉంటాడు. రాష్ట్ర హైవే అయితే రాష్ట్ర రవాణా శాఖ, కౌంటీ రోడ్డయితే కౌంటీ. ఎవరిదో కనుక్కుని అనుమతి అడుగు. అనుమతి తీసుకోవడం జియోక్యాషింగ్ నియమాల్లోనే ఉంది. వాళ్ళు వద్దంటే కారణం అడిగి తెలుసుకో, వాదించకు. ఆ రోడ్డు మీద జరిగిన ప్రమాదాలు నీకంటే వాళ్ళకి బాగా తెలుసు.

"రివ్యూయర్ చూస్తాడు కదా మావయ్యా" అంటావేమో. క్యాష్‌ని ప్రచురించే ముందు పరిశీలించే ఈ రివ్యూయర్లు స్వచ్ఛందంగా పనిచేసే మంచి మనుషులు. పక్క క్యాష్‌కి 161 మీటర్ల దూరం ఉందా, నియమాలు పాటించావా అని మ్యాప్ ముందు కూర్చుని చూస్తారు. నీ మలుపులో వచ్చి నిలబడరు. ప్రచురణ అయినంత మాత్రాన ఆ చోటు క్షేమమని ముద్ర పడినట్టు కాదు. ఆ పూచీ నీదే.

ఇంకో సంగతి నేరుగా చెప్పక తప్పదు. వంతెన దగ్గరో హైవే పక్కనో ఒక మనిషి తచ్చాడుతూ, వంగి ఏదో పెట్టడమో తియ్యడమో చూస్తే జనం పోలీసులకి ఫోన్ చేస్తారు. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఒక కెఫే బయట ఉన్న క్యాష్‌ని బాంబు అనుకుని, సైన్యం వచ్చి పేల్చేసింది. మన రంగువాళ్ళనో నల్లవాళ్ళనో చూస్తే ఆ అనుమానం ఇంకాస్త త్వరగా పుడుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. నీ డబ్బా వెతకడానికి వచ్చేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు. కాబట్టి మనిషి నిలబడితే సహజంగా కనిపించే చోటు చూడు. లోపలున్నది కనిపించే డబ్బా వాడు, పైన జియోక్యాష్ అని స్పష్టంగా రాయి. వంతెనలు, రైలు పట్టాలు, బడులు, కరెంటు పెట్టెల దరిదాపుల్లోకి పోకు. ఉత్తుత్తి కరెంటు పెట్టె చేసి దాచడం కొందరికి సరదా. అది చూసినవాళ్ళు తర్వాత నిజమైన పెట్టెల మీద కూడా చెయ్యి వేస్తారు. ఆ పాపం మనకెందుకు?

ఇంతా విని నిరుత్సాహపడకు. నీకు అసలు కావలసింది గార్డ్‌రైల్ కాదు, ఆ లోయని నలుగురికీ చూపించడం. దానికి దారులున్నాయి. అదే రోడ్డు మీద ముందుకెళ్తే వ్యూపాయింట్ కోసం కట్టిన పార్కింగ్ ఉందేమో చూడు. అది లేకపోతే అడవిలో నడకదారి మొదలయ్యే చోట బండ్లు ఆపే స్థలం, కౌంటీ పార్కు, లైబ్రరీ వెనక చెట్ల వరస, ఇలాంటివి అడిగితే దొరుకుతాయి. రోడ్డు పక్కనున్న చారిత్రక ఫలకమే చూపించాలనిపిస్తే, అక్కడ ఆగే చోటు చక్కగా ఉంటే, మల్టీ క్యాష్ చెయ్యి. ఫలకం మీది అంకెలతో చివరి కోఆర్డినేట్స్ తేలేలా కట్టి, డబ్బాని దూరంగా పార్కులో పెట్టు. మనుషులు ఆగి చదువుతారు, రోడ్డంచున తడుముకోరు.

దాచాక కూడా బాధ్యత తీరదు. హింట్ దాచిపెట్టుకోకు, డబ్బా ఎటువైపు ఉందో తేటగా చెప్పు. చీకట్లో వద్దనో, పిల్లల్ని పట్టుకోమనో పేజీలో రాయాల్సి వస్తే, ముందు ఆ చోటునే మరోసారి అనుమానించు. హెచ్చరిక రాసినంత మాత్రాన ప్రమాదం తగ్గదు, పేజీ చదవకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. వెతికినవాళ్ళు పేజీలో రాసే లాగ్‌లు శ్రద్ధగా చదువు. "పిల్లల్ని కార్లోనే ఉంచాం", "లారీలు చాలా దగ్గరగా పోతున్నాయి", "ఎక్కువసేపు ఉండలేదు" అని ఎవరైనా రాస్తే అవి మర్యాదగా చెప్పిన ఫిర్యాదులు. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ రోజే క్యాష్ ఆపేసి, వెళ్ళి చూసి, అవసరమైతే తీసెయ్. తీసెయ్యడం నామోషీ కాదు. ఏదో జరిగాక తీసేవాడికంటే ముందు తీసేవాడే పెద్దమనిషి.

ఇన్ని లెక్కలు గుర్తుండకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకో. వచ్చే ఏడాది మా అక్క, అంటే మీ అమ్మ, మనవరాలిని ఆడించడానికి అక్కడికి వస్తుంది కదా. నువ్వు దాచబోయే చోటుకి, మునిమాపు వేళ, ఆ పసిదాని చెయ్యి పట్టుకుని, నువ్వు పక్కన లేకుండా అమ్మని పంపగలవా? "ఓ, హాయిగా వెళ్ళిరా అమ్మా" అని నీ నోటి నుంచి తడుముకోకుండా వస్తే అక్కడ దాచు. ఒక్క క్షణం తటపటాయించినా వద్దు, ఇంకో చోటు చూడు. వెతకడానికి వచ్చే ప్రతివాళ్ళూ ఎవరింటికో తిరిగి వెళ్ళాల్సినవాళ్ళే.

కొత్త చోటు చూశాక ఫొటోలు పంపు. ఈసారి రోడ్డుకి రెండు వైపులా తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ మావయ్య